లోపం చెప్పని గొడుగు

అనగనగా సముద్రం ఒడ్డున మణిరేవు అనే పట్నం, ఆ పట్నానికి ధీరకేతుడనే రాజు. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టకపోతే నా కథ కదలదు! ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, నడిమివాడు రణకేతుడు, చిన్నవాడు సుకేతుడు. మన కథంతా ఈ చిన్నవాడిదే.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏది అమ్మినా ముందు లోపం చెప్పాలి, తరవాతే గుణం. "అమ్మా, ఈ గంపలో పదింటికి మూడు పళ్ళు పులుపు, మిగతావి తేనె" అనేది మామిడిపళ్ళమ్మే ఆవిడ. "అయ్యా, నా పడవ గాలివానకి ఒరుగుతుంది, కానీ మునగదు" అనేవాడు సరంగు. రాజు మాత్రం తక్కువా? పట్టం కట్టుకున్ననాడే "నాకు ముక్కుమీద కోపం, అది చల్లారాకే తీర్పుకి రండి" అని దండోరా వేయించాడు. అలాంటి ఊరు!

ఒకనాడు మాయాధరుడనే మాంత్రికుడు చంకలో గొడుగుతో కొలువుకొచ్చి, దాన్ని విప్పాడు. ఆహాహా! కొలువంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. గొడుగు లోపల ఆకాశం ఉంది. పట్టపగలే అందులో చుక్కలు తిరుగుతున్నాయి, మబ్బులు నడుస్తున్నాయి. "దీని కింద కూర్చుంటే ఎండ లేదు, వాన లేదు, అలసట లేదు" అన్నాడు మాంత్రికుడు. లోపం మాటే ఎత్తలేదు.

ఇంకే ఊళ్ళోనైనా "ఏదీ, లోపం చెప్పు" అని నిలదీసేవాళ్ళు. ఇక్కడ ఎవరూ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక లోపం దాచినవాణ్ణి చూసుంటే కదా! చెప్పలేదంటే లేదన్నమాటే అనుకున్నారు, వెర్రిబాగులవాళ్ళు. రాజు ఆ గొడుగు కొని దాని కింద కూర్చున్నాడు.

తండ్రి కాళ్ళకి దండం పెట్టబోయిన సుకేతుడి చేతికి చల్లగా ఏదో తగిలింది. చూస్తే, కుడికాలి బొటనవేలు రాయైపోయింది. కానీ చుట్టూ అందరూ ఎంత సంబరంగా ఉన్నారో! "ఇప్పుడెందుకులే, రేపు చెబుదాం" అని నోరు మూసుకున్నాడు. తెల్లారేసరికి రెండు పాదాలూ రాళ్ళయ్యాయి. రాజు లేవలేకపోయాడు.

మాంత్రికుడు ఆకాశంలో నిలబడి పకపకా నవ్వాడు. "గొడుగు మూసినా సరే, మీ రాజు రోజుకో బెత్తెడు రాయవుతాడు. నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది, చేతనైతే పట్టుకోండి!" అని మాయమయ్యాడు.

ఒడ్డున కొండంత తాబేలు ఒకటి ఉండేది, ఏడు సముద్రాలూ దాటించగలది అదొక్కటే. తండ్రి మీద బెంగతో, ఆత్రంతో, పెద్ద రాకుమారులిద్దరూ ఊరి ఆచారమే మరిచిపోయారు. పెద్దవాడు ఇనుప కవచం తొడుక్కుని వెళ్ళి "నేను పువ్వంత తేలిక, ఎక్కించుకో" అన్నాడు. తాబేలు వాణ్ణి మొదటి అలలోనే ముంచి ఒడ్డున పడేసింది. నడిమివాడు వెళ్ళి "నీకు బంగారు కొలను కట్టిస్తా" అన్నాడు. "బంగారం ఏదీ?" అంది తాబేలు. వాడి దగ్గర చిటికెడు కూడా లేదు. వాడినీ ముంచింది.

చిన్నవాడు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తాబేలు తాతా, నేను బరువు. నీకిచ్చేందుకు నా దగ్గరేం లేదు. మాంత్రికుడు చూస్తే ఇద్దర్నీ చంపుతాడు. కానీ మా నాన్న రాయైపోతున్నాడు."

"ఎక్కు నాయనా" అంది తాబేలు. "మూడొందల ఏళ్ళలో తన బరువు తాను చెప్పినవాణ్ణి నిన్నే చూశాను."

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటారు, అక్కడ తాబేలు కాస్త తూలింది లెండి. నేతి సముద్రం, పెరుగు సముద్రం దాటారు. పాలసముద్రంలో తెల్లవారింది. పైన తెలుపు, కింద తెలుపు, నడుమ ఎర్రటి సూర్యుడొక్కడు! సుకేతుడికి ఒళ్ళు పులకరించి, కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. చివరిది మంచినీటి సముద్రం. ఆమడ లోతున ఇసుకరేణువులు కూడా కనిపించాయి.

దాని అవతల దీవి, దీవిలో అద్దాల మేడ, మేడలో పంజరం. అందులో గొంతు కుండలా ఉబ్బిన చిలక. "మా నాన్నని రాయి చేస్తాడా!" అంటూ సుకేతుడు దాని మెడ విరవబోతే, మాంత్రికుడు చెరపట్టిన వకుళ అనే రాకుమారి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆగవయ్యా! వాడు అమ్మిన ప్రతి వస్తువు లోపమూ దీని గొంతులో దాచాడు. అవి దాగున్నంత కాలమే వాడి బతుకు. దీన్ని చంపితే వాడూ చస్తాడు, మీ నాన్నా రాయిగానే ఉండిపోతాడు. కొన్నవాళ్ళ చెవిన లోపం పడితేనే విరుగుడు."

"చెప్పు తల్లీ" అని వాడు చిలకని బతిమాలాడు.

"ముందు నువ్వు దాచింది చెప్పు" అంది చిలక.

సుకేతుడి మొహం వాడిపోయింది. "మొదటిరోజే చూశాను. చెప్పలేదు" అన్నాడు, వెక్కివెక్కి ఏడుస్తూ.

అప్పుడు చిలక నోరు తెరిచింది. అమ్మో, ఏం గొంతు! ఏడు సముద్రాలూ ఉలిక్కిపడ్డాయి. "ఫలానా ఊరివాళ్ళారా, మీరు కొన్న దీపం చూపు తినేస్తుంది! మణిరేవు రాజా, నీ గొడుగు మనిషిని రాయి చేస్తుంది!" మాంత్రికుడు గాలిలో ఉరుముతూ వచ్చాడు. ఒక్కో లోపం బయటపడేకొద్దీ బారెడు మనిషి మూరెడయ్యాడు, మూరెడు బొటనవేలంతయ్యాడు, చివరికి చిటికెడు బూడిదయ్యాడు. గొంతు ఖాళీ అయిన చిలక కిలకిలా నవ్వి ఎగిరిపోయింది.

తాబేలు మీద సుకేతుడూ వకుళా మణిరేవు చేరేసరికి ఒకటే జేజేలు. రాజు ఎదురొచ్చాడు, కానీ కుంటుతూ వచ్చాడు. ఒళ్ళంతా మామూలైంది, కుడికాలి బొటనవేలు మాత్రం రాయిగానే ఉంది. ఎందుకో ఎవరికీ తెలియదు. సుకేతుడికి తెలుసు. మళ్ళీ అదే సంబరం, మళ్ళీ అదే వేలు! వాడు తండ్రి కాళ్ళ మీద పడ్డాడు.

"నాన్నగారూ, ఈ వేలు నేను మొదటిరోజే చూశాను. అందరి సంతోషం చెడుతుందని దాచాను. తప్పు నాది."

రాజు ముక్కు ఎర్రబడింది. అది చల్లారేదాకా అందరూ ఊపిరి బిగబట్టారు. "నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు" అన్నాడు చివరికి, కొడుకుని లేవనెత్తి. అప్పుడు, అందరూ చూస్తుండగా, రాతివేలు మెల్లగా కదిలింది.

ఆనాటి నుంచి మణిరేవులో అమ్మేవాడు చెప్పాలి, కొనేవాడు అడగాలి.

పెళ్ళిపీటల మీద "నాకు గురకొస్తుంది" అన్నాడు సుకేతుడు. "నాకు వంట రాదు" అంది వకుళ. తలంబ్రాలు పోసుకుని నూరేళ్ళు చల్లగా ఏలారు.

మరి నా లోపం కూడా నేను చెప్పాలిగా? కల్లు సముద్రంలో తాబేలు తూలిందన్నది నేను కల్పించింది. మిగతాదంతా మా అమ్మమ్మ చెప్పినట్టే చెప్పాను.