మేనేజరుగారి కంచం

“పైకెక్కినవాడు ఎవరి చేతి తిండి తినాలి మాస్టారూ?” అని గున్నేశ్వర్రావు అడిగాడు. పేర్రాజు మాస్టారు దానికి జవాబు చెప్పలేదు. తనకి ములక్కాడ కూర తినాలనుందన్నారు.

ఆయన తీరే అంత. సామర్లకోటలో స్టేషను వెనక వీధిలో ఉంటారు. ఆయన అరుగు మీద కూర్చుని అడిగినవాడికి సూటిగా సమాధానం దొరికిన రోజు నాకు బుద్ధి తెలిశాక ఒక్కటీ లేదు, నాకు బుద్ధి తెలిసి ఓ రెండు యుగాలు దాటింది. హోటలు పనిలో ఆయన చెయ్యని ఉద్యోగం లేదు. బల్లలు తుడవడంతో మొదలుపెట్టి, పిండి రుబ్బి, పెనం ముందు నిలబడి, వడ్డన చేసి, లాడ్జీ గదుల తాళాలు అందించి, చివరికి కోటు తొడుక్కుని పెద్దపెద్దవాళ్ళకి గుమ్మంలో ఎదురెళ్ళి దణ్ణాలు పెట్టి దిగిపోయిన మనిషి. ఆయన తోమిన కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే చందమామకి కింద నుంచే టిఫిను అందించవచ్చు. ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నారు గనక, ఆ పనిలో ఉన్నవాళ్ళంతా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆ అరుగుని అరగదీస్తుంటారు. తాలింపు ఎలా వెయ్యాలని వాళ్ళు అడగరు. వంటింట్లోంచి హాల్లోకి ఎలా రావాలి, హాల్లోంచి ఓనరు పక్కకి ఎలా చేరాలి, చేరాక అక్కడ ఎలా నిలవాలి, ఇవీ వాళ్ళ బెంగలు.

వాళ్ళందరిలోకీ గున్నేశ్వర్రావు గట్టివాడు. బైపాసు రోడ్డు మీది పెద్ద హోటల్లో బల్లలు తుడిచే పనికి చేరాడు. ఉల్లిపాయలు తరిగే చోటికీ, అక్కణ్ణించి కూరల పొయ్యి దగ్గరికీ పాకి, ఆఖరికి వంటింటికంతటికీ పెద్దయ్యాడు. అతను గుత్తివంకాయ తాలింపు పెడితే విశాఖపట్నం పోవలసిన బస్సులు దారి మరిచిపోయి వచ్చి గుమ్మంలో ఆగేవి. మొన్న వేసవిలో ఓనరు అతన్ని పిలిచి, చేతిలో గరిటె కింద పెట్టించి, మెడకి టై కట్టించి, మేనేజర్ని చేశాడు. వంటింటి పెత్తనం అన్నేళ్ళూ అతని పక్క పొయ్యి మీద వండిన దాలమ్మకి వచ్చింది. ఇద్దరికీ మంచే జరిగిందని అందరూ సంతోషించారు. గున్నేశ్వర్రావు మటుకు ఆ మధ్యాహ్నం నుంచే అన్నం మానేశాడు.

మానెయ్యడానికి కారణం లేకపోలేదు. ఆ హోటల్లో మేనేజరుకి మధ్యాహ్నం భోజనం వంటింట్లోంచే కంచంలో సర్ది, మూతపెట్టి పంపుతారు. ఇతనికి ముందు మేనేజరుగా ఉన్న శేషావతారానికీ అలాగే వెళ్ళేది. శేషావతారం చండశాసనుడు. వంటింటి గుమ్మంలో ఆయన బూట్ల చప్పుడు వినబడితే పొంగబోయే పాలు కూడా ఆగి చూసేవి. ఓసారి కూరలో ఉప్పెక్కువైందని ఆయన గున్నేశ్వర్రావుని హాల్లోకి పిలిపించి, తింటున్నవాళ్ళందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఆ మర్నాటి నుంచీ మేనేజరుగారి కంచం గున్నేశ్వర్రావు స్వయంగా సర్దాడు. బల్లల మీద నుంచి తిరిగొచ్చిన కంచాల్లో మిగిలిన కూర ఓ గరిటెడు తీసి అందులో కలిపి, పైన కాస్త కొత్తిమీర చల్లి పంపేవాడు. ఊరందరి ఎంగిలీ ఆ పెద్దమనిషి తుడిచిపెట్టినట్టు తిని, ఖాళీ కంచంతో పాటు ‘బావుంది’ అని కబురు చేసేవాడు. ఆ కబురు వచ్చినప్పుడల్లా వంటిల్లంతా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేది. దాలమ్మ అయితే నిలబడలేక రుబ్బురోలు మీద కూలబడి మరీ నవ్వేది.

ఇప్పుడు ఆ కంచం గున్నేశ్వర్రావుకి వస్తోంది. సర్దేది దాలమ్మ.

మొదటిరోజు మూత తీసి చూస్తే పప్పూ, కూరా, చారూ, అప్పడం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మరీ ఇంత సక్రమంగా ఎందుకున్నాయని అతనికి అనుమానం వచ్చింది. పోలీసు కుక్కలాగా కంచం చుట్టూ తిరిగి వాసన చూసి, ఆకలి లేదని తిప్పి పంపాడు. మర్నాడూ అంతే. అదివరకు నోరారా ‘అన్నయ్యా’ అని పిలిచే దాలమ్మ ‘సార్’ అనడం మొదలుపెట్టింది. ఆ సార్‌ని కూడా అతను పుచ్చు వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. వంటింట్లో ఎవరైనా నవ్వితే తన గురించే నవ్వారనుకున్నాడు. నవ్వకపోతే నవ్వు దాచుకుంటున్నారనుకున్నాడు. చివరికి, మధ్యాహ్నం కాగానే టై విప్పి జేబులో కుక్కుకుని, రోడ్డు దాటి, ఎదురు హోటల్లో భోంచెయ్యడం మొదలుపెట్టాడు.

రోడ్డు మీద అలాంటివి దాగుతాయా. మేనేజరే తినని చోట మనమేం తింటామని లారీ డ్రైవర్లు అనుకున్నారు. ఆ మాట కాకినాడ దాకా పాకింది. నన్నడిగితే కాకినాడ దాటి సముద్రంలో చేపలకి కూడా తెలిసిపోయింది. హాల్లో బల్లలు ఖాళీ పడసాగాయి. అప్పుడు ఓనరు అతన్ని కూర్చోబెట్టి ఖరాఖండిగా చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం హాలు నడిమధ్య కూర్చుని, అందరూ చూస్తుండగా మన వంట తినాలి. దాలమ్మ చేతిలో దోషం ఉంటే ఆ మాటే చెప్పాలి, ఆమెని ఆ పూటే పంపించేస్తాడు. రెండూ కుదరవంటే టై అక్కడ పెట్టి వెళ్ళాలి.

అదిగో, అప్పుడొచ్చాడు గున్నేశ్వర్రావు మాస్టారి అరుగు మీదకి. ఎదురు హోటలు సాంబారు తాగీ తాగీ మొహం కూడా ఆ సాంబారులాగే పలచబడిపోయింది. జరిగిందంతా చెప్పుకున్నాడు. దాలమ్మని తీసేయిస్తే పాపం, ఆమె సంపాదన మీద ఇల్లు గడుస్తోంది. తీసేయించకపోతే ఆ కంచం తినాలి. తినకపోతే ఇన్నేళ్ళూ ఎక్కిన మెట్లన్నీ ఒక్క దూకులో దిగాలి. ఆ దుఃఖంలోనే అడిగాడు, పైకెక్కినవాడు ఎవరి చేతి తిండి తినాలని.

“శేషావతారం ఇప్పుడు పెద్దాపురంలో కర్రీ పాయింటు పెట్టాట్ట,” అన్నారు మాస్టారు. “ములక్కాడ కూర బాగా చేస్తాడని విన్నాను. వెళ్ళి పట్రా. ముందు అక్కడ నువ్వు తిను. బావుంటేనే నాకు తే.”

గున్నేశ్వర్రావు చెప్పని సాకు లేదు. డ్యూటీ ఉందన్నాడు, బస్సులు లేవన్నాడు, అంతకంటే మంచి కూర తానే వండి పెడతానన్నాడు. మాస్టారు అటు తిరిగి పడుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నాక తెరిపించడం రైలింజను వల్ల కూడా కాదు.

పెద్దాపురంలో ఏం జరిగిందో అతను తిరిగొచ్చి ఆ అరుగు మీదే చెప్పాడు. శేషావతారానికి టై లేదు, బూట్లు లేవు. లుంగీ, బనీను, భుజాన తుండు. వరసగా పెట్టిన గిన్నెల వెనక నిలబడి కూరలు కవర్లలో పోసి మూతులు కడుతున్నాడు. గున్నేశ్వర్రావు జనం వెనక దాక్కుని చూశాడు గాని, పాత మేనేజరు కన్ను మేనేజరు కన్నే, పట్టేశాడు. ఎందుకొచ్చావనలేదు, ఎలా ఉన్నావనలేదు. కొట్టు వెనక స్టూలు వేసి, ఆకు పరిచి, అన్నం పెట్టాడు. కూర మాత్రం బయట గిన్నెలోంచి వెయ్యలేదు. లోపలికి వెళ్ళి ఓ గరిటెడు తెచ్చి వేశాడు. బయట అంత కూర ఉండగా లోపలికి ఎందుకు వెళ్ళినట్టు? గున్నేశ్వర్రావు చెయ్యి ఆకు మీద పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. ఒక్కో ముక్కనీ కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు పరకాయించి చూస్తున్నాడు.

“తినవయ్యా,” అన్నాడు శేషావతారం. “నీ చేతిది నేను తిన్లేదూ?”

ఆ మాటలో ఏముందో తెలియక, తెలిసే అంటున్నాడేమోనని ఇక దాచలేక, మీకు తెలుసా అని గున్నేశ్వర్రావు అడిగాడు.

“మొదటిరోజే తెలిసింది. కూరలో ములక్కాడ ముక్క తగిలింది. నాకంటే ముందే ఎవరో దాన్ని నమిలేశారు.”

“తెలిసీ బావుందని కబురు చేశారా సార్?”

శేషావతారం ఆ మాటకి చేస్తున్న పని ఆపలేదు. కవరుకి దారం చుడుతూనే చెప్పాడు. “కంచం తిప్పి పంపితే నీ కసి తీరిపోతుందా? అది మర్నాడు ఎవరి కంచంలోకి పోతుందో నాకేం తెలుసు. హాలు నిండా జనం, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు. నా దగ్గరితో ఆగుతోంది కదా అని తిన్నాను.”

తర్వాత మామూలు కబుర్లు చెబుతున్నట్టే ఇంకొక్క మాట అన్నాడట. అన్నాళ్ళు అలా తిన్నాక ఇంకొకరి చేతి వంట మీద మనసు చచ్చిపోయి, మేనేజరు ఉద్యోగం వదిలి తానే గరిటె పట్టానని, ఆ లెక్కన ఈ కొట్టు గున్నేశ్వర్రావు చలవేనని. పొగిడాడో, తిట్టాడో, లేకపోతే ఆకులో కూర సంగతే చెప్పకుండా చెప్పాడో తెలీదు. చల్లారిపోతోంది, తిను, అని మళ్ళీ కూరలు అమ్ముకోడానికి వెళ్ళిపోయాడు.

గున్నేశ్వర్రావు తిన్నానన్నాడు. ఆకు చూస్తే మేకలకి ఏడుపొచ్చేలా నాకేశానన్నాడు. ఆ ములక్కాడ ఎలా ఉందని అరుగు మీదున్న వాళ్ళందరం అడిగాం. దానికి మాత్రం నోరు విప్పలేదు. తెచ్చిన కూర మాస్టారి ముందు పెట్టి, “బావుంది మాస్టారూ,” అన్నాడు. ఆ బావుంది మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మాస్టారికీ ఉన్నట్టు లేదు. తనకి ఆకలి చచ్చిపోయిందని చెప్పి ఆ కవరు పక్కకి జరిపేశారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ హోటల్లో ఈగ దూరేందుకు సందు లేదు. సామర్లకోట సగం అక్కడే ఉంది, మిగతా సగం కిటికీల్లోంచి చూస్తోంది. గోడవారగా కూర్చుని నేనూ మీల్సు తిన్నాను. ఓనరు కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గున్నేశ్వర్రావు నడిమధ్య బల్ల దగ్గర టైతో సహా కూర్చున్నాడు. కంచం దాలమ్మే తెచ్చింది. మూత తీసి, బల్ల మీద పెట్టి, లోపలికి పోకుండా అక్కడే నిలబడిపోయింది. చేతిలో కొంగు నలుపుతోంది. అతను అన్నం కలుపుతుంటే ఆమె కంచం వంక చూడలేదు, అతని మొహం వంకే చూసింది. తప్పు పట్టడానికి ఇతను ఏం సాకు దొరకబుచ్చుకుంటాడో అని ఆమె అనుమానం ఆమెది మరి.

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నా కళ్ళకి వయసొచ్చింది గాని చూపు గద్ద చూపు. నమలడం ఒక్కచోట ఆగింది. దవడ కదల్లేదు. హాలు మొత్తం, పైన ఫ్యాన్లతో సహా, ఆగిపోయింది. తర్వాత మింగాడు. రెండో ముద్ద కలిపాడు. పప్పు తిన్నాడు, కూర తిన్నాడు, చారు పోసుకున్నాడు, పెరుగు దాకా వెళ్ళాడు.

ఆమె చేతిలో దోషం ఏమైనా ఉందా అని ఓనరు అక్కణ్ణించే అడిగాడు.

“ఏం లేదండీ,” అన్నాడు గున్నేశ్వర్రావు. “బావుంది దాలమ్మా.”

దాలమ్మ ఖాళీ కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు ఇంకా ఊగుతుండగానే లోపలినుంచి నవ్వు వినబడింది. ఒకరిద్దరిది కాదు, వంటిల్లంతా కలిసి నవ్విన నవ్వు. ఉద్యోగం నిలబడ్డ ఆనందమో, మరొకటో, గోడకివతల ఉన్నవాళ్ళకి తెలిసే దారి లేదు. గున్నేశ్వర్రావు మూతి తుడుచుకుని, టై సర్దుకుని, బల్ల బల్లకీ వెళ్ళి ఏం కావాలో కనుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే మాస్టారి అరుగు మీదకి పరుగెత్తుకొచ్చాడు. తిన్నానని చెప్పాడు, ఉద్యోగాలు ఇద్దరివీ నిలిచాయని చెప్పాడు. అవి చెబుతున్నంతసేపూ మొహంలో వెలుగు లేదు.

“నవ్వారు మాస్టారూ. అందరూ కలిసి నవ్వారు. ఎందుకు నవ్వారంటారు?”

హాల్లో ఇంకెవరి కంచమైనా తినకుండా తిరిగొచ్చిందా అని మాస్టారు అడిగారు. ఒక్కటీ రాలేదని, పిల్లలు కూడా మారాం చెయ్యకుండా తిన్నారని గున్నేశ్వర్రావు చెప్పాడు.

మాస్టారు అతని టై వంక చూశారు.

“అయితే రేపు మారు వడ్డించమని అడుగు,” అన్నారు.