గంపవలస అమ్మవారు పగలు కనిపించని కథ

గంపవలసకు మధ్యాహ్నం వేళ వచ్చే భక్తులకు అమ్మవారి దర్శనం దొరకదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. దూరం నుంచి కొబ్బరికాయలతో వచ్చి, కోపగించుకుని వెళ్లిపోయినవారు చాలామందే ఉన్నారు. గుడిలో వారికి కనిపించేది గద్దె మీద బోర్లించిన వెదురు గంప. అది కోళ్లను మూసే గంపే, వేరే రకం కాదు. ఎత్తి చూపమని పూజారిని ఎంత బతిమాలినా లాభం లేదు. దీపాలు పెట్టే వేళ దాకా ఆగితే గంపమ్మ తల్లి తానే దర్శనమిస్తుంది. ఆగడానికి పక్కనే రేకుల షెడ్డు ఉంది, మంచినీళ్ల కుళాయి ఉంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఉన్నదల్లా రాళ్ల మిట్ట, దాని మీద తుప్పలు. ఊరు కింద ఏటి ఒడ్డున ఉండేది. ఒక ఏడు శ్రావణంలో ఏరు పొంగి ఇళ్లనూ గొడ్లనూ, కొందరి పిల్లలనూ పట్టుకుపోయింది. దాలమ్మ అనే ఆమె చేతిలోంచే ఆమె ఒక్కగానొక్క కూతురిని లాక్కుపోయింది. మిగిలినవారు ఈ మిట్టెక్కి తుప్పలు కొట్టి పాకలు వేసుకున్నారు. దాలమ్మ తన పాకను అందరికంటే పైన వేసుకుంది. కూతురి పేరు మళ్లీ ఆమె నోట ఎవరూ వినలేదు.

ఊరు కాస్త కుదురుకున్నాక, ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన అమ్మవారిని, మూరెడు నల్లరాయిని, డప్పులతో తెచ్చి కొత్త గద్దె మీద నిలిపారు. తెల్లవారి చూస్తే గద్దె ఖాళీ. అమ్మవారు ఒడ్డున తన పాత చోటనే ఉంది. మళ్లీ తెచ్చారు, మళ్లీ వెళ్లిపోయింది. ఊరిపెద్ద గంగునాయుడికి తలప్రాణం తోకకొచ్చింది. అమ్మవారు ఉన్నచోటే ఊరు ఉండాలి గనుక, అమావాస్యనాడు అందరూ తిరిగి ఒడ్డుకే దిగాలని తీర్మానించాడు. కూతురిని మింగిన నీళ్ల పక్కన దాలమ్మ రాత్రి ఎలా కునుకు తీస్తుంది? ఊరంతా దిగిపోతే ఒంటరి మనిషి ఈ మిట్ట మీద ఎలా బతుకుతుంది?

ఆ రోజుల్లోనే ఆమె తన కోళ్లతోనూ ఇదే తంటా పడుతోంది. అవి పగలంతా మిట్ట మీద గింజలు ఏరుకుని, పొద్దు వాలేసరికి బిలబిలమంటూ ఒడ్డుకు దిగి కూలిపోయిన పాత గూటి మీద కూర్చునేవి. నక్కలు ఒకటొకటిగా ఎత్తుకుపోతుంటే, దాలమ్మ మిగిలినవాటిని తెచ్చి గంప కింద మూసింది. లోపలే గింజలు, లోపలే నీళ్లు. మాపటి మేత మాత్రం ఏనాడూ తప్పనివ్వలేదు. కొన్నాళ్లకు పొద్దు గూకే ముందు గంప ఎత్తి వదిలింది. అవి కాసేపు మన్ను కెలికి, చీకటి పడేలోగా వాటంతట అవే వచ్చి గంప కింద దూరాయి. ఆ తర్వాత పగలంతా ఎక్కడ తిరిగినా మాపటికి గంప చేరడం నేర్చాయి.

అది చూసి ఆమె సంబరపడిన మర్నాటి వేకువన అమ్మవారు కలలోకి వచ్చింది. “నీ కోళ్లకి పెట్టినావు గానీ నాకు పెట్టనేదు. డప్పులు కొట్టి తెచ్చి కూకోబెట్టినారు. సీకటడితే ఎవులింటికి ఆలు పోనారు” అంది.

దాలమ్మ లేచి గంగునాయుడి గుమ్మంలో నిలబడి, అమ్మవారిని ఇంకొక్కసారి తెమ్మంది. తెచ్చి నిలపగానే తన గంప తెచ్చి పైన బోర్లించింది. నాయుడు నిర్ఘాంతపోయాడు.

“ఏటే దాలమ్మా, అమ్మోరంటే కోడిపెట్టనుకున్నావేటి?”

“ఏ జీవమైనా మాపు కూడు తిన్న సోటే తొంగుంటాది నాయుడుబాబూ. అమాస దాకా నాకు ఒగ్గీ.”

నాయుడు ఒప్పుకున్నాడు. ఆమె రోజూ మునిమాపు వేళ చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి తెచ్చి గంప అంచున పెట్టి, పక్కనే కూర్చునేది. అమావాస్య వచ్చింది. మధ్యాహ్నం నాయుడు ఉండబట్టలేక గంప ఎత్తాడు. గద్దె ఖాళీ. ఊరంతా గొల్లుమంది. ఒడ్డుకు దిగడానికి నాయుడు బళ్లు కట్టమన్నాడు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరు తెల్లవారదనుకున్న ముసలమ్మ తీరు నీది అని ఆడవాళ్లు దాలమ్మను ఎత్తిపొడిచారు.

ఆమె గంపను తిరిగి బోర్లించి, “కోడి పగలు తిరగదేటి? పొద్దు గూకనీండి” అంది. మాట ధైర్యంగానే వచ్చింది గానీ, పొద్దు ఎంత ఉందో మాటిమాటికీ చూసుకుంది.

పొద్దు గూకింది. దాలమ్మ అంబలి పెట్టి, కోళ్లను పిలిచినట్టే పిలిచింది. మళ్లీ పిలిచింది. ఇంకోసారి పిలవబోతే ఆమెకే తెలియకుండా వేరే మాట వచ్చింది.

“బంగారీ, మాపటేలైపోనాదే. ఇంటికి రాయే.”

అది ఆమె కూతురి పేరని కూలిన ఇళ్లవాళ్లందరికీ తెలుసు. వెనకనుంచి ఒక తల్లి, ఏట్లో పోయిన తన కొడుకును పేరు పెట్టి పిలిచింది. తర్వాత ఇంకొకామె. పిలుపులు ఆగాక నాయుడు దీపం పట్టుకుని గంప ఎత్తాడు. అమ్మవారు గద్దె మీద ఉంది. అడుగున తడి ఇసుక అంటుకుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. నాయుడు బళ్లు విప్పించాడు. ఏరు పొంగిన నాటినుంచి రాని ఏడుపు దాలమ్మకు అప్పుడు వచ్చింది.

వలస వచ్చిన ఊరిని గంప నిలబెట్టింది గనుక ఇది గంపవలస అయింది. పగలు తల్లి చేలవెంట తిరిగే వేళ. అందుకే గంప ఎత్తరు. కొత్త ఇంట్లోకి మారేవారు ఇక్కడ చోడి అంబలి పెట్టి వెళితే ఆ ఇల్లు వారికి అచ్చివస్తుందని నమ్మకం. మునిమాపున గంప ఎత్తే ముందు ఆడవాళ్లు ఇంటికి రావలసినవారిని పేరుపేరునా పిలుస్తారు. చెన్నైలో కూలికి వెళ్లిన కొడుకులను, చేపల వేటకు వెళ్లిన మొగుళ్లను, తప్పిపోయిన దూడలను కూడా పిలుస్తారు. పిలిస్తే వస్తారని పెద్దల మాట. ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అని పూజారి అడగడు.

మొదటి పిలుపు మాత్రం బంగారికే. ఆ పేరు ఈ ఊళ్లో ఇంకెవరికీ పెట్టరు. పిలిచి, ఆ పిల్ల మిట్టెక్కి రావడానికి పట్టేంతసేపు ఆగుతారు. ఆ తర్వాతే మిగిలిన పేర్లు.