వేలి మందం నల్లచార

అనగనగా నాపరాళ్ళు తీసే ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె ఉండేది, కన్నా.

గనిలో రాళ్ళు కడగడం ఆమె పని. రెండు రాళ్ళ మధ్య వేలి మందాన నల్లమట్టి చార ఉండేది. రాయి ఊడి రాగానే ఆ మట్టి కడిగేసేది. పై గనిలో అదే చార. కింది గనిలో అదే చార. ఏటి అవతలి గనిలోనూ అదే చార.

అప్పుడు సుంకులమ్మ మేస్త్రీ ఓబులేసుతో అంది: "ఇంత దూరం ఒకే తీరుగా పరుచుకుందంటే, ఇది పైనుంచి పడిందే మేస్త్రీ."

"ఆకాశం నీతో చెప్పి రాల్చిందా సుంకులమ్మా?" మేస్త్రీ అందరి ముందూ నవ్వాడు. "సోమవారం ఆ చార ఉన్న గోడ పేల్చేస్తున్నాం. చారా ఉండదు, నీ గోలా ఉండదు."

మిగతా గనుల్లో అప్పటికే తవ్వేశారు, చార మిగిలిన గోడ అదొక్కటే.

అప్పుడామె పట్నం కాలేజీలో రాళ్ళ చదువు చెప్పే మేడానికి ఒక రాయి పంపింది. "మట్టి ఏదమ్మా?" అని జవాబొచ్చింది. అలవాటుకొద్దీ రాయిని శుభ్రంగా కడిగి పంపిందిలే! గని గనంతా నవ్వింది.

ఆ తర్వాత నేల మీది మట్టి ఊడ్చి పంపింది. "ఇందులో పేలుడుమందు కలిసింది, పనికిరాదు" అన్నారు మేడం. ఇంకా నవ్వారు.

సోమవారం వచ్చింది. ఈల వేశారు. అందరూ దూరంగా పరుగెత్తారు. సుంకులమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"లేవవే! మందు కూరాం!" మేస్త్రీ కేకేశాడు.

"అంటించుకో. నా మాట నిజమో కాదో తేలేదాకా లేవను."

అప్పుడు బండలు మోసే ఆడవాళ్ళు ముగ్గురు, నిన్న నవ్వినవాళ్ళే, వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. "సరే, తేలేదాకా పేల్చంలే" అని మేస్త్రీ అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు.

సుంకులమ్మ లేచి, అట్లకాడతో చార గీకి అన్నం డబ్బాలో నింపింది.

"ఈసారి కడక్కే తల్లీ!" అని అరిచాడు మేస్త్రీ.

ఆ డబ్బా పట్నం చేరాక మేడం తానే వచ్చారు. "ఇందులో ఇరిడియం అనే లోహం ఉంది. నేల మీద బహు అరుదు, ఆకాశం నుంచి పడే రాళ్ళలో ఎక్కువ. మనుషులు పుట్టకముందు పెద్ద ఉల్క పడింది. దాని ధూళే అప్పట్లో ఇక్కడున్న నీళ్ళ అడుగున ఇలా పేరుకుంది" అన్నారు.

గోడ నిలిచింది. చూడ్డానికి ఎవరొచ్చినా మేస్త్రీ ముందుకొచ్చి, "మేమే కనిపెట్టాం" అనేవాడు.

సుంకులమ్మ చేతిలో రాయి కడుగుతూనే అనేది: "మేం కాదు మేస్త్రీ. నేను."

చుక్క రాలె నేలకి,
చార మిగిలె రాతికి,
కథ చేరె కంచికి,
కన్నా, నువ్విక నిద్దరకి.