బుట్టలోని రెప్పలేని కన్ను

కొండ కింద ఒక పల్లెలో గురవప్ప అనే రైతు ఉండేవాడు. నాటిన విత్తనం మొలకెత్తిందో లేదో అని మట్టి తవ్వి చూసేంత ఆత్రం అతనిది.

ఆ ఏడు అతని విత్తనాల కొట్టులో ఎలుకలు పడ్డాయి. వేరుశనగ బస్తాలన్నీ కొరికేస్తున్నాయి. ఆ ఊరి అలవాటు ప్రకారం గురవప్ప ఒక జెర్రిపోతు పిల్లను తెచ్చుకున్నాడు. అది విషం లేని పాము. కాస్త ఒళ్లు చేసేదాకా మూత ఉన్న బుట్టలో సాకి, తర్వాత కొట్టులో వదలాలి.

కానీ పాము పిల్ల ఏమీ తినలేదు. చిన్న కప్పను వేశాడు. ముట్టలేదు. ఎలుక పిల్లను వేశాడు. తల తిప్పుకుంది. గురవప్ప మాటిమాటికీ మూత ఎత్తేవాడు. పుల్లతో కప్పను దాని మూతి దగ్గరికి నెట్టేవాడు. "తిను, ఒక్కటి తిను" అని బతిమాలేవాడు. పాము కదలకుండా అతన్నే చూసేది. దాని పక్కలు లోపలికి పోయాయి. వెన్నెముక దారంలా పైకి తేలింది.

"దాన్ని కాసేపు వదిలెయ్యయ్యా" అంది భార్య సుంకులమ్మ. "కొత్త కోడలి ఎదుట కూర్చుని ముద్దలు లెక్కబెడితే అది మాత్రం తింటుందా?"

"ఇట్లాగే చచ్చిపోతే?"

"నువ్వు చూస్తుంటే బతుకుతుందా?"

గురవప్పకు ఒక ఉపాయం తోచింది. మూత ఎత్తకుండానే చూడొచ్చు. బుట్టకు కందిగింజంత కన్నం చేసి, కన్ను ఆనించాడు.

లోపల అంతా చీకటి. కప్పా లేదు, పామూ లేదు. చూస్తుండగా ఆ చీకటి కొద్దిగా కదిలింది. అది చీకటి కాదు. కన్నానికి అవతల మరో కన్ను ఉంది. గుండ్రంగా, నల్లగా, రెప్ప లేకుండా. గురవప్ప రెప్ప వేశాడు. అది వేయలేదు.

ఆ పూట సంగటి ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. మెడ వెనక జిల్లుమంది. తిరిగి చూస్తే ఉత్త గోడ.

"ఎవరది?" అన్నాడు.

"ఎవరు?"

"ఎవరో చూస్తున్నారు."

"ఇంట్లో ఉన్నది మనిద్దరమే గదా."

ముద్ద గొంతు దిగలేదు. మర్నాడూ అంతే. గోడ బీటలో, తలుపు సందులో, ఎక్కడ చిన్న కన్నం కనిపించినా అందులో ఏదో గుండ్రంగా మెరిసేది. పళ్లెం పట్టుకుని పశువుల కొట్టంలోకి పోయాడు. అక్కడి తడికె నిండా కన్నాలే. తిండి లేక అతని పక్కలూ లోపలికి పోయాయి.

సుంకులమ్మకు భయం పట్టుకుంది. సంగటి పెట్టి, అతని మొహంలోకే చూస్తూ ఎదురుగా కూర్చుంది. "తిను, ఒక్క ముద్ద తిను" అంది.

"అటు తిరుగు" అన్నాడు గురవప్ప. "అట్లా చూస్తుంటే ఎట్లా తినేది?"

ఆ మాట తన చెవినే పడేసరికి చెయ్యి కడుక్కుని లేచాడు.

బుట్ట కన్నాన్ని బంకమట్టితో మూశాడు. పాము దాక్కోవడానికి లోపల ఒక కుండ పెంకు బోర్లించాడు. కప్పను వదిలి, మూత పెట్టి, పైన గోనె కప్పాడు. కాసేపటికి లోపల దబ్బున చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. అతని చెయ్యి తనంతట తానే మూత మీదికి పోయింది. వెనక్కి తీసుకుని, బయటికి నడిచి, తలుపు వేసేశాడు.

మర్నాడు గోనె తీసి, మూత ఎత్తి చూశాడు. కప్ప లేదు. పెంకు కింద పాము పిల్ల కడుపు ఉబ్బి పడుకుని ఉంది. మొదటిసారి అది అతని వైపు చూడలేదు.

"ఆకలేస్తోంది" అన్నాడు గురవప్ప ఇంట్లోకి వచ్చి. సుంకులమ్మ సంగటి పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది. అతను పళ్లెం ఖాళీ చేశాడు.

నీతి: ప్రేమతో చూసినా, విడవకుండా చూసే చూపు ప్రాణిని బెదరగొడుతుంది, పెట్టవలసింది పెట్టి పక్కకు తప్పుకోవడమే అసలైన సాకడం.