బర్నబా పేరిట చేటెడు బియ్యం

"సలోమీ! ఒసే సలోమీ! ఆగు!"

మార్తమ్మ గారు వీధిలో గొంతెత్తి పిలవడం మేం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆవిడ మా సంఘంలో బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి వాక్యం చదవడం, రోగుల పక్కన కూచుని ప్రార్థన చెయ్యడం ఆవిడ పని. ఆ పని నేర్చుకోవడానికి ఆవిడ దగ్గర కొందరు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. మాలో చురుకైనది సలోమి. ఆ మధ్యాహ్నం ఆమె చేటలో బియ్యం పోసుకుని, వాటి మీద చనిపోయిన అన్న చొక్కా మడిచి పెట్టుకుని, చర్చి గేటు ముందు నుంచే తలెత్తుకుని పోతోంది. చేటలో బియ్యం, పైన పోయినవాళ్ళ బట్ట ఉన్నాయంటే ఎక్కడికో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాలవ లాకుల అవతల ఒక సోదమ్మ ఉంది. పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిచి, వాళ్ళ మాటలు తన నోట పలికిస్తుంది.

సలోమి ఆగింది గాని చేట దించలేదు.

"వద్దని మాత్రం చెప్పకండమ్మగారూ. సోదె వాళ్ళ దగ్గరికి పోవద్దని ధర్మశాస్త్రంలో ఎక్కడెక్కడ ఉందో మీరే నేర్పారు, అన్నీ నోటికొచ్చు. నాకు ఒక్కటి చెప్పండి. సౌలు రాజు అడిగితే దేవుడు పలకలేదు. కలలో పలకలేదు, ప్రవక్తల నోటా పలకలేదు. ఏన్దోరులో సోదె చెప్పే ఆవిడ దగ్గరికి పోతే చచ్చిపోయిన సమూయేలు పలికాడు. రాసుందా, లేదా? నేనూ ఏడాదిగా మోకాళ్ళ మీదే ఉన్నాను. నాకూ ఎవరూ పలకలేదు. మరి నేను పోతే తప్పేంటి? సౌలు మారువేషం వేసుకుని చీకట్లో దొంగలా పోయాడు. నేను పట్టపగలు నా మొహంతోనే పోతున్నా. సంఘంలోంచి తీసేస్తారా, తీసెయ్యండి. ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షారసం ఇవ్వరా, మానెయ్యండి. నేను మా అన్నతో మాట్లాడాలి."

ఆ ఎండలో చేట పట్టుకుని నిలబడ్డ సలోమిని చూస్తే నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పొద్దూ, ఆమె వెంట నడిచిపోవాలనిపించింది. ప్రేమించినవాళ్ళ కోసం ఎవరి మాటా వినని మనుషులంటే నాకు ముందు నుంచీ అదో మోజు.

ఆమె అన్నని ఏమడగాలనుకుందో నాకు తెలుసు. ముందు రోజే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. బర్నబాకి లేసు అల్లే కెజియా అంటే ప్రాణం. ఆమె తండ్రి చాలాకాలం బిగుసుకుని కూచుని, చివరికి ఇల్లరికం వస్తే సరేనన్నాడు. కెజియా ఆ మాట సలోమి చేతే కబురు పెట్టింది. 'మీ అన్నని వచ్చి మా నాన్నని అడగమను. ఆదివారం ఎదురు చూస్తా' అంది. సలోమికి అమ్మా నాన్నా లేరు. ఉన్నది అన్న ఒక్కడే. అతనూ ఇల్లరికం పోతే ఆ ఇంట్లో తానొక్కతే. అందుకని రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని ఆ కబురుని కడుపులోనే దాచుకుంది. ఈలోగా బర్నబాకి కామెర్లు ముదిరాయి. ఏ కబురూ రాకపోయేసరికి, కెజియా తనని కాదందనే అనుకుంటూ కన్నుమూశాడు. ఇప్పుడు సలోమికి అన్న నోట ఒక్క మాట కావాలి. 'పోనీలేమ్మా' అన్న మాట.

మార్తమ్మ గారికి ఒక అలవాటుంది. ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. గొడుగు తీసుకుని "పద, దారిలో చెప్తా" అంటారు. దారిలోనూ చెప్పరు. ఆ రోజూ అదే చేశారు.

"పద, నేనూ వస్తాను. దారిలో చెప్తా."

"సోదమ్మ దగ్గరికి మీరా!" సలోమికి నవ్వొచ్చింది. "బైబిలు సంచితో మిమ్మల్ని చూస్తే ఆవిడ పరుగో పరుగు."

"పరిగెడితే నువ్వు పట్టుకొద్దువుగానిలే. కుర్రదానివి."

నేనూ వెనకాలే బయల్దేరాను. సలోమి కాలవగట్టు వైపు తిరగబోయింది. అన్న పోయినప్పట్నుంచీ ఆమె ఎక్కడికెళ్ళినా కెజియా వాళ్ళ వీధి తప్పించి గట్టు చుట్టూ తిరిగే వెళుతుంది. మార్తమ్మ గారు మాత్రం లేసు వీధిలోకి మళ్ళారు. "దాహంగా ఉందే. ఇటు పోదాం" అన్నారు. సలోమి మొహం మాడిపోయింది. అయినా వెనకే నడిచింది.

అరుగు మీద కెజియా లేసు అల్లుతోంది. తెల్లటి దారపు పువ్వులు ఆమె ఒడినిండా రాలినట్టున్నాయి. "ఆయ్, రండమ్మగారూ, కూచోండి" అని లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందిస్తూ చేటలోకి చూసింది. క్రిస్మసుకి బర్నబా తొడుక్కున్న నీలం చొక్కా. ఆమె మళ్ళీ సూది అందుకుంది గాని అల్లలేదు.

మార్తమ్మ గారు నీళ్ళు తాగుతూ మామూలుగానే అన్నారు.

"ఈ పిల్ల వాళ్ళన్నతో మాట్లాడ్డానికి సోదమ్మ దగ్గరికి పోతోంది కెజియా. నువ్వేమైనా అడిగించాలా?"

కెజియా ఫక్కుమని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుచ్చుకుంది.

"బతికున్నప్పుడు పలకనోడు చేటలో బియ్యం చూసి పలుకుతాడా అమ్మగారూ? ఏం, పైన అన్నం పెట్టట్లేదా?" అని, నవ్వు ఆగిపోయాక సలోమి వైపు తిరిగింది. "ఒక్కటడుగు సలోమీ. నేను పంపిన కబురు విని కూడా ఎందుకు రాలేదో అడుగు. ఆ ఆదివారం పొద్దున్నించి దీపాల వేళ దాకా ఈ అరుగు మీదే కూచున్నాను. పూలు పెట్టుకుని మరీ కూచున్నాను, సిగ్గులేకుండా. వీధిలో వాళ్ళంతా చూసి నవ్వుకున్నారు. అప్పట్నుంచీ ఏ సంబంధం వచ్చినా వద్దంటున్నాను. ఎందుకు వద్దంటున్నానో నాకే తెలీదు. మీ అన్న దగ్గర్నించి ఆ జవాబొక్కటీ తెచ్చిపెట్టు. నా దారిన నేను బతుకుతాను."

చేటలో బియ్యం సన్నగా గలగలమన్నాయి. సలోమి చేటని నడుముకి అదిమి పట్టుకుంది.

"పదండమ్మగారూ, పొద్దుపోతోంది," అంది. "అన్నయ్యనే అడుగుతాను. అన్నీ వాడికే చెప్పుకుంటాను."

మార్తమ్మ గారు లేవలేదు. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, దాన్ని అరుగు మీద బోర్లించి అన్నారు.

"సౌలు సమూయేలుని లేపించిన నాటికి, అతను అన్యాయంగా తరిమి తరిమి వేటాడిన దావీదు బతికే ఉన్నాడు సలోమీ. పిలిస్తే పలికేవాడు."

సలోమి చర్చి గేటు ముందు ఎలా నిలబడిందో అలాగే తలెత్తుకుని కెజియా ముందుకొచ్చింది. తర్వాత వంగి చేటని కెజియా కాళ్ళ దగ్గర పెట్టింది.

"అన్నయ్యని అడగక్కర్లేదు కెజియక్కా," అంది. "నీ కబురు వాడి చెవిన పడలేదు. నేనే చెప్పలేదు. నన్నొదిలి నీ దగ్గరికొచ్చేస్తాడని, చెప్పలేదు."