చల్లకుండ సుంకులక్క మూడామడల పరుగు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఆ కాలంలో నల్లగుట్టపల్లె అని ఒక ఊరుండేది. కోనచెరువు కాలువకి అది చిట్టచివరి ఊరు. కాలువ చివర ఊరంటే పెళ్ళిభోజనంలో ఆఖరి బంతి లాంటిది. అందరూ తిన్నాక మిగిలితేనే మనకి.

ఆ చెరువు నీళ్ళకి ఒక కట్టడి ఉండేది. తొలకరి పడ్డ మర్నాడు, పొద్దు నడినెత్తికి రాగానే చెరువుకట్ట మీద నగారా మోగించేవారు. ఆ మోత అందుకుని పక్క గుట్ట మీద ఇంకో నగారా, దాన్ని అందుకుని మరొకటి, అలా అన్ని ఊళ్ళకీ వినిపించేది. వినగానే ఊరికొక మనిషి తమ పొలంలోని పిడికెడు తడిమట్టి పట్టుకుని పరుగెత్తాలి. పొద్దుగుంకేలోగా ఆ మట్టిని కట్ట మీద పెట్టాలి. మట్టి తడారకూడదు. పెట్టిన ఊరికి ఆ ఏడు నీళ్ళు. వరసగా మూడేళ్ళు పెట్టలేని ఊరికి ఇక ఎప్పటికీ నీళ్ళు లేవు.

దగ్గరి ఊళ్ళకి అదొక ఆట. నల్లగుట్టపల్లెకి మాత్రం మూడామడల దూరం. ఆమడంటే పొద్దున్నే బయల్దేరిన మనిషి ఎండెక్కేదాకా నడిచే దూరం. అలాంటివి మూడు, ఒక్క పూటలో.

ఊరి పాత పరుగువాడు కాలం చేశాక ఓబులేసు అనే పడుచువాడు పరుగెత్తాడు. ఊరంతా ఈలలు వేస్తుంటే వాడి కాలు నేల మీద నిలవలేదు. మొదటి ఆమడ దాటకుండానే కళ్ళు తిరిగి పడిపోయాడు. రెండో ఏడు తిప్పన్న వెళ్ళాడు. ముచ్చటపడి ఊరివాళ్ళు అతనికి కొత్తచెప్పులు కుట్టించి, కడుపునిండా బొబ్బట్లు పెట్టి పంపారు. చెప్పులు కరిచి, కడుపు మెలిపెట్టి, అతను రెండో ఆమడలో కూలబడ్డాడు. ఊరు చేసిన మర్యాదే అతని కొంప ముంచింది.

మూడో ఏడు ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు సుంకులక్క లేచింది. గొల్లల ఇంటి విధవరాలు. నలభై దాటింది. నెత్తిన కుండ పెట్టుకుని ఊరూరా చల్ల పోసి బతికేది. సెంటు పొలం లేదు. నీళ్ళు లేక గడ్డి లేక ఆమె ఏడు బర్రెల్లో రెండే మిగిలాయి. అవీ పోతే ఆమెకి ఆ ఊళ్ళో బతుకే లేదు.

ఊరి పెద్దకాపు నవ్వాడు. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగేది మేలంటారు సుంకులూ. నీకెందుకు ఈ పని?"

"నిలబడి తాగేదానికి నీళ్ళు యాడుండాయి పెద్దన్నా?" అంది ఆమె.

పెద్దకాపు పక్కకి జరిగి దారిచ్చాడు.

గెలిచినవాళ్ళని సలహా అడగడం అందరూ చేసేదే. సుంకులక్క ఓడిపోయిన ఇద్దరి దగ్గరికీ వెళ్ళింది. ఎక్కడ పడ్డారు, ఎందుకు పడ్డారు అని అడిగింది. అన్నాళ్ళూ వాళ్ళని ఆ మాట అడిగిన నాథుడు లేడు, అడిగినా ఎగతాళికే. ఇద్దరూ సిగ్గు విడిచి అన్నీ చెప్పారు. మొదట్లో నడిచే ముసలమ్మ నిన్ను దాటిపోతున్నా పోనీ, దూకుడొద్దు అన్నాడు ఓబులేసు. ఆ పూట కొత్తది ఏదీ తొడుక్కోకు, కొత్తది ఏదీ తినకు అన్నాడు తిప్పన్న.

తొలకరి పడింది. మర్నాడు నగారా మోగింది. సుంకులక్క పాతచెప్పులే వేసుకుంది. ఎప్పటి కుండలోనే ఉప్పుచల్ల పోసుకుంది. ఊరి పొలంలోని మట్టిని తడిగుడ్డలో మూటగట్టి కుండమూతికి కట్టింది. కుండ నెత్తికెత్తుకుని, రోజూ పోయే అడుగుతోనే కదిలింది. దూకుడు లేదు. ఇదేం పరుగని పిల్లలు నవ్వారు. ఆమె నవ్వనిచ్చింది.

మొదటి ఆమడ గడిచింది. కుండ తొణకలేదు, కాలు ఆగలేదు.

దాహం కాకముందే గుక్కెడు తాగింది. గుడ్డ ఆరకముందే అదే చల్ల నాలుగు చుక్కలు చిలకరించింది. రెండో ఆమడలో తోడు ఎవరూ లేరు. తన బర్రెలతో మాట్లాడినట్టు తన కాళ్ళతో మాట్లాడుకుంది. రెండో ఆమడ గడిచింది. కుండ తొణకలేదు, కాలు ఆగలేదు.

మూడో ఆమడలో కొండ ఎక్కుడు మొదలైంది. పిక్కలు పట్టేశాయి. పొలం దున్నేవాణ్ణి కట్ట ఎంతదూరమని అడిగింది. "అదిగో, దగ్గరే" అన్నాడు. మలుపు తిరిగితే కట్ట లేదు. మేకలు కాసేవాణ్ణి అడిగింది. "వచ్చేసినట్టే" అన్నాడు. ఇంకో మలుపు తిరిగినా కట్ట లేదు. వాళ్ళు మంచికే చెప్పారు పాపం. కానీ ఆ దగ్గరే అన్న మాట నమ్మిన ప్రతిసారీ ఆమె గుండె జారిపోయింది. ఏడుపొచ్చింది. కుండ తొణికింది. కాలు మాత్రం ఆగలేదు.

ఎదురుగా కట్టెలమోపుతో ఒకామె దిగుతోంది. సుంకులక్క ఏడుస్తూనే అడిగింది. ఆమె మోపు కింద నుంచి చూసి, ఉన్నమాట చెప్పింది.

"దగ్గర కాదమ్మా. ఇంకా కోసెడు దూరముండాది. అంతా ఎక్కుడే. చేరతావు."

కోసెడంటే సుంకులక్కకి తెలుసు. తను రోజూ చల్ల పోసే పొరుగూరు కోసెడే. ఎన్ని వేలసార్లు నడిచిందో. కళ్ళు తుడుచుకుంది. పొరుగూరికి పోతున్నట్టే అడుగులేసింది. అలవాటు కొద్దీ "చల్లమ్మా చల్ల" అని కేక కూడా వేసింది, ఆ కొండలో కొనేవాళ్ళు లేకపోయినా.

ఆమె కట్ట ఎక్కేసరికి పొద్దు కొండ అంచుని తాకుతోంది. మిగతా ఊళ్ళవాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. నీళ్ళు పంచే నీరుగంటి మూట విప్పి మట్టిని వేలితో నొక్కి చూశాడు. తడి అంటింది.

"అందరికంటే ఆఖరున వచ్చినావే" అన్నాడు.

"కాలవలోనూ మేము ఆఖరే గదన్నా" అంది సుంకులక్క.

ఆ ఏడు నల్లగుట్టపల్లెకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత తప్పలేదు. ఓబులేసూ, తిప్పన్నా వంతులేసుకుని పరుగెత్తారు. సుంకులక్క మళ్ళీ పరుగెత్తలేదు. ఏటా నగారా రోజున మాత్రం ఆ కొండ ఎక్కుడులో కుండతో నిలబడేది. ఏ ఊరివాడైనా సరే, మొదటిసారి పరుగెత్తేవాడికి ముందు ఉప్పుచల్ల, తర్వాత ఉన్నమాట. దగ్గరే అని ఎవరైనా అంటే చెడామడా తిట్టేది. చనిపోయే ముందు ఏడు కూడా మంచం వేయించుకుని అక్కడే కూర్చుంది.

ఇప్పుడు ఆ నగారా లేదు, ఆ కట్టడీ లేదు. దారి తారురోడ్డయింది. ఏడాదికోసారి అదే మూడామడలు చొక్కాకి నంబర్లు తగిలించుకుని జనం పరుగెడతారు. ఆ ఎక్కుడులో ఊరివాళ్ళు సుంకులక్క పేరున ఉప్పుచల్ల పోస్తారు. ఎంతదూరమని అడిగితే దగ్గరే అని మాత్రం చచ్చినా అనరు.

మొదటిసారి పరుగెత్తినప్పుడు నేనూ అక్కడే ఏడ్చాను. ఒక ముసలాయన గ్లాసు చేతికిచ్చి, ఇంకా కోసున్నర ఉంది, చేరతావు అన్నాడు. మనసులో ఆయన్ని తిట్టుకున్నాను. చేరాను.