చిలుకకు దొరికిన సెలవు

అనగనగా ఒక రాజు. పేరు అర్దువీనుడు. ఆయనది పడమటి సముద్రం ఒడ్డున తరంతపురమనే రేవు పట్నం. ఆ పట్నంలో కోటగోడ పక్క వీధిలో కొన్ని యూదుల కుటుంబాలు ఉండేవి. బట్టలకు నీలిరంగు అద్దడం వాళ్ల వృత్తి. ఆరు రోజులు మోచేతుల దాకా నీలం పూసుకుని ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు. శుక్రవారం పొద్దు గూకే వేళకి ఇల్లాలు దీపం పెట్టేది. ఇక శనివారం చుక్కలు పొడిచేదాకా పని మాటే లేదు. మనుషులకే కాదు, గాడిదకూ సెలవే. ఇంటికొచ్చిన చుట్టానికీ సెలవే, ఆ చుట్టం ఎక్కివచ్చిన గుర్రానికీ సెలవే. మీకు బడి లేని రోజున అమ్మ బజారుకు పంపుతుంది చూడండి, అలాంటి దొంగ సెలవు కాదు.

ఆ వీధిలో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవాళ్లు. పెద్దవాడు అస్రియేలు, నడిమివాడు ఎల్కానా, చిన్నవాడు నెతనేలు. వాళ్ల వంశంలో తాత మనవడికి, ఆ మనవడు మళ్లీ తన మనవడికి చెప్పుకుంటూ వచ్చిన కథ ఇది. ఇందులో ఎంత నిజం తాతా అని పిల్లలు అడిగితే, రేవు నిజం, నీలిరంగు నిజం, గాడిద మాట్లాడటం మాత్రం ముమ్మాటికీ నిజం అనేవారట.

నెతనేలుకు మేనమామ కూతురు తిర్సాతో పెళ్లి కుదిరింది. తిర్సా రేవులో బట్టలు జాడిస్తూ పాడుతుంటే పడవవాళ్లు తెడ్లు వదిలేసి వినేవాళ్లు. నెతనేలుకు ఆ పిల్లంటే ప్రాణం. ముహూర్తం ఇంకా వారముందనగా సముద్రం మీద సుడిగాలి లేచింది. రేవులో ఉన్న తిర్సాను ఎత్తుకుని పోయింది.

అది మామూలు గాలి కాదు, మల్గోరుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల నల్లరాతి దీవిలో ఉంటాడు. చావుకు దొరక్కూడదని మూడువందల ఏళ్ల కిందట తన ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఒక చిలుకకు అప్పగించాడు. చావు రాలేదు, నిజమే. కానీ ఆనాటి నుంచి నిద్ర కూడా రాలేదు. ఒంట్లో ప్రాణం లేనివాడికి కన్నెలా మూతపడుతుంది?

"పాట పాడి నన్ను నిద్రపుచ్చు. నీ గొంతు పోయిందంటే నిన్ను రాయిని చేస్తాను," అన్నాడు తిర్సాతో.

సుడిగాలి పోయిన దిక్కున వెతకమని రాజు పడవ ఇచ్చాడు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు. మాంత్రికుడి తలుపు కొట్టాడు, రాయి అయ్యాడు. నడిమివాడు రాజు ఇచ్చిన బంగారం పట్టుకుని వెళ్లాడు. తలుపు కొట్టాడు, రాయి అయ్యాడు. ఏటా వాళ్ల పెంకుటింటి మీద గూడు కట్టే కొంగ ఆ దీవి మీదుగా వచ్చి, చూసిందంతా నెతనేలుకు చెప్పింది.

"తిర్సా గొంతు జీరపోయింది నాయనా. వెళితే ఇప్పుడే వెళ్లు. వాడి ప్రాణం చిలుక నాలుక కింద ఉంది," అంది కొంగ.

నెతనేలు పడవెక్కాడు. వెనకే వాళ్లింటి గాడిద కూడా ఎక్కింది. సముద్రం మీద గాడిదేమిటని అడక్కండి, నెతనేలూ అదే అడిగాడు.

"దిగాక కొండ ఎక్కొద్దూ? నీ మూట ఎవరు మోస్తారు?" అంది గాడిద.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దీవి చేరారు. సగం కొండ ఎక్కేసరికి పొద్దు గూకబోతోంది. గాడిద ఠక్కున ఆగిపోయింది.

"ఏమిటే, ఆగావు?"

"ఇవాళ ఏ వారం అబ్బాయ్?"

శుక్రవారం. పైనుంచి తిర్సా పాట సన్నగా వినిపిస్తోంది, మధ్యమధ్య తెగిపోతోంది. నెతనేలుకు ఏడుపొచ్చింది. గాడిదను లాగాడు, బతిమాలాడు, తిట్టాడు. అది కదిలితేనా? చేసేది లేక మూట దించాడు. అత్తిచెట్టు కింద పగ్గంతో చుట్టూ గిరి వేసి, ఇదే మా ఇల్లనుకున్నాడు. దీపం పెట్టి రొట్టె విరిచాడు.

చెట్టు మీద ఒక చిలుక. ముక్కు సగమే తెరిచి ముద్దముద్దగా అడిగింది, "ఆ గాడిద ఎందుకు పడుకుంది?"

"దానికివాళ సెలవు," అన్నాడు నెతనేలు.

"జంతువుకు సెలవా?"

"మా గడపలో ఉన్న ప్రతి ప్రాణికీ సెలవే."

"నేనొస్తే నాకూ ఇస్తారా?" అంది చిలుక, నమ్మకం లేనట్టు.

"రా. నీ బరువు దించుకో. ఇక్కడ దాన్నెవరూ ముట్టుకోరు."

చిలుక కిందికి దిగింది. నాలుక కింద నుంచి జొన్నగింజంత వెలుగును మెల్లగా నేల మీద పెట్టింది. మూడువందల ఏళ్ల తర్వాత నోరారా ఒక అత్తిపండు తింది. తిని, రెక్కలో తల దూర్చి అక్కడికక్కడే నిద్రపోయింది.

గాడిద చెవులు నిక్కబొడిచి గుసగుసలాడింది. "అబ్బాయ్, వాడి ప్రాణం అదే. ఒక్క రాయి వెయ్యి. ఒక ప్రాణం కాపాడటానికైతే సెలవు రోజున పనిచేసినా తప్పులేదని మన పెద్దలే చెప్పారు."

నిజమే, చెప్పారు. నెతనేలు రాయి ఎత్తాడు. పైన తిర్సా పాట ఆగిపోయింది.  ఎదురుగా చిలుక, కాళ్లు ముడుచుకుని, అతని మాట నమ్ముకుని నిద్రపోతోంది. నెతనేలు రాయి కింద పెట్టేశాడు. పెట్టి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు ఆ గింజ కదిలింది. కట్టు విప్పిన దూడలాగా, ఎవరూ తోలకుండానే దొర్లుకుంటూ కొండపైకి, తన సొంత ఒంటికి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ చిలుక పట్టుకుని ఉంది కాబట్టి ఆగింది గాని, లేకపోతే ఎప్పుడో వెళ్లేది.

కాసేపటికి కొండ మీది నుంచి గుర్రు వినిపించింది. మాంత్రికుడు నిద్రపోయాడు. కళ్లు మూతపడగానే అతని మంత్రాలన్నీ వీడిపోయాయి. రాళ్లు రెండూ ఒళ్లు విరుచుకుని అన్నలయ్యాయి. వాళ్ల వెనక తిర్సా దిగివచ్చింది. అందరూ ఆ గిరిలోనే కూచుని రొట్టె తిన్నారు. మరునాడు చుక్కలు పొడిచాక మల్గోరుడు మామూలు ముసలివాడిగా నిద్రలేచి, తినడానికేమైనా ఉందా అని అడిగాడట.

తరంతపురంలో పెళ్లి వైభవంగా జరిగింది. వారానికో రోజు తన రాజ్యంలో ఏ పశువు మీదా బరువు వెయ్యకూడదని అర్దువీనుడు చాటింపు వేయించాడు. తర్వాత చాలా ఏళ్లు చల్లగా ఏలాడు.

పెళ్లినాడు తిర్సా అడిగింది, "బావా, వాడి ప్రాణం నీ కాలి దగ్గరే ఉందటగా. నేను పైన ఉన్నానని తెలిసీ రాయి ఎందుకు వెయ్యలేదు?"

నెతనేలు తల దించుకున్నాడు. "ఎత్తాను తిర్సా. చిలుక నన్ను నమ్మి పడుకుంది. వెయ్యలేకపోయాను. నీకు కోపం వస్తే రానీ."

తిర్సా అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంకా జీరగానే ఉన్న గొంతుతో అంది, "అప్పటికే నా గొంతు పోయింది బావా. వాడు నన్ను రాయిని చెయ్యడానికి మంత్రపు కర్ర ఎత్తాడు. ఎత్తిన చేత్తోనే ఆవులించాడు. రాయితో కొట్టి ఉంటే వాడు ఒక్కడే చచ్చేవాడు. మీ అన్నల మీద మంత్రం అలాగే ఉండిపోయేది. వేసినవాడు నిద్రపోతేనే మంత్రం వీడుతుంది, చస్తే వీడదని నాతో వాడే చెప్పాడు."

నెతనేలు అన్నల వైపు చూశాడు. ఇద్దరూ పందిట్లో చేతులు పట్టుకుని చిందులేస్తున్నారు.

కథ ఒడ్డు చేరింది. ఇక మీరూ బరువులు దించి పడుకోండి.